మరమగ్గాల షెడ్డులో చెవుల పరీక్ష

మా షెడ్డులో ఎవరూ ఎవరి మాటా వినరు. చూస్తారు.

మరమగ్గాలన్నీ ఒకేసారి నడుస్తుంటే పక్కన నిలబడ్డ మనిషి గొంతు చించుకున్నా ఒక్క ముక్క వినపడదు. అందుకే పనిలో చేరిన కొత్తలోనే అందరికీ పెదాలు చూసి మాట పట్టుకోవడం వచ్చేస్తుంది. గొంతు వాడం. నోరు కాస్త పెద్దగా తెరిచి, మాటను విడివిడిగా పలికి, చాలకపోతే చెయ్యి కూడా ఆడిస్తాం. ఆ మూల ఉన్న మనిషితో ఈ మూల నుంచి కుటుంబం గొడవలన్నీ చెప్పుకోవచ్చు. సూపర్‌వైజరు అటు తిరిగి ఉంటే చాలు, అతని వీపు వెనకే అతన్ని తిట్టుకోవచ్చు.

నా పెళ్లి కూడా అలాగే కుదిరింది. మా ఆయన అప్పుడు మగ్గాలు బాగుచేసే మెకానిక్ దగ్గర పని నేర్చుకుంటున్నాడు. నా మగ్గం ఆగితే వచ్చి సరిచేసేవాడు. సరయ్యాక కూడా కదిలేవాడు కాదు. ఒకరోజు మగ్గానికి అవతల నిలబడి, నన్ను చేసుకుంటావా అని పెదాలతో అడిగాడు. నేను నోరు తెరిచేలోపే షెడ్డులో సగం మంది సరేనని తలూపేశారు. అందరికీ కనబడింది మరి. ఇక నేను కాదంటే బాగుండదని ఒప్పుకున్నాను.

అప్పటినుంచీ ఆయన పెద్ద మెకానిక్ అయ్యేదాకా, నేను పాతకాపుల్లో ఒకదాన్ని అయ్యేదాకా, ఇద్దరం ఒకే షెడ్డులో ఉన్నాం. ఇంట్లో ఆయన ముభావి. షెడ్డులోకి వచ్చాడంటే పెదాలు ఆగవు. ఇంట్లో మాట్లాడుకోనిదంతా మేం అక్కడే మాట్లాడుకునేవాళ్లం.

ఆ ఎండాకాలం మొదట్లో నర్సమ్మ వచ్చింది. కంపెనీలో యాభై దాటినవాళ్ల ఆరోగ్యం చూసుకోవడానికని ఆవిడను పెట్టారు. మాలో చాలామంది యాభై దాటినవాళ్లే. కుర్రవాళ్లు నాలుగు రోజులు చేసి, తలనొప్పని వెళ్లిపోతున్నారు. ఈ ముసలివాళ్లు కూడా మంచం పడితే షెడ్డుకు తాళం వేసుకోవాలని పైవాళ్లకు ఆలస్యంగానైనా బుర్రలో వెలిగింది.

నర్సమ్మ నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. చూడగానే మెత్తని మనిషిలా కనిపిస్తుంది కానీ పట్టుకుంటే వదలదు. పొద్దున్నే గేటు దగ్గర మమ్మల్ని వరసగా నిలబెట్టి చేతులు పైకెత్తించింది, నడుములు వంచించింది. బళ్లో పిల్లలమైపోయామని నవ్వుకుంటూనే వంగేవాళ్లం. మగ్గానికీ మగ్గానికీ మధ్య ఎత్తు స్టూళ్లు వేయించింది. వాటి మీద కూర్చోవడానికి మాత్రం ఎవరికీ మనసు రాలేదు. పనిలో కూర్చుంటే ఒళ్లు దాచుకుంటున్నారంటారని మా భయం.

నా పక్క మగ్గం బొంగరానిది. మనిషి గుండ్రంగా ఉండి ఒకచోట నిలవదు కాబట్టి ఆ పేరు. "ఆ స్టూలెక్కితే నన్ను దింపడానికి ఇంకో నర్సు కావాలి వదినా," అంది పెదాలతో.

నర్సమ్మ ఎవరినీ బతిమాలలేదు. ఒకరోజు పొద్దున్నే వచ్చి షెడ్డు నడుమ స్టూలు మీద కూర్చుంది. ఆ చప్పుడులో, ఆ దూదిపొట్టులో, మధ్యాహ్నం బెల్లు కొట్టేదాకా లేవలేదు. మర్నాడు బొంగరం కూర్చుంది. దాని వెనక మిగతావాళ్లం. నా మోకాళ్ల నొప్పి తగ్గిందన్న సంగతి నేను నర్సమ్మతో ఒప్పుకోలేదు కానీ, నా నడక చూసి ఆవిడకే తెలిసిపోయి ఉంటుంది.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత చెవుల పరీక్ష అంది.

చెవులు దెబ్బతిన్నవాళ్లను షెడ్డులోంచి తీసేసి, ఆవరణకు అవతలున్న మడతల గదికి పంపుతారని పుకారు పుట్టింది. నేసిన బట్టను పరిచి, తప్పులు చూసి, మడతపెట్టే గది అది. అక్కడ చప్పుడు ఉండదు. చక్కగా ఫ్యాను కింద బల్లల ముందు కూర్చుని చేసే పని. బయటివాళ్లు వింటే అదృష్టమే అంటారు. మా షెడ్డులో మాత్రం ఆ మాట వినగానే అందరి మొహాలూ మాడిపోయాయి. బొంగరానికి తన మగ్గం అంటే ప్రాణం. మా ఆయన సంగతి సరేసరి. నాకైతే ఆయన లేని షెడ్డు ఊహకు కూడా రాలేదు.

పరీక్ష ఎలా చేస్తారో ముందుగా ఒకసారి చూసి వచ్చాను. మందుల గదిలో చిన్న బల్ల, దాని మీద ఒక పెట్టె. మనిషికి హెడ్‌ఫోన్లు తగిలించి ఎదురుగా కూర్చోబెడతారు. నర్సమ్మ మీట నొక్కితే చెవిలో కూత వస్తుంది. వినపడితే ఆ వైపు చెయ్యి ఎత్తాలి. మీట నొక్కినప్పుడల్లా పెట్టెకు నర్సమ్మ వైపున, ఎదుటివాళ్లకు కనబడకుండా, ఎర్రదీపం వెలుగుతుంది. ఎడమ చెవికి ఎడమన, కుడి చెవికి కుడిన. నర్సమ్మ వీపు తలుపు వైపు. తలుపుకు అద్దం. అద్దంలోంచి చూస్తే దీపం కనిపిస్తుంది.

ఇంత అమరికగా ఉన్నాక ఊరుకునేదెవరు? నా వయసు ఇంకా యాభైకి రాలేదు కాబట్టి నాకు పరీక్ష లేదు. నేను అద్దం అవతల నిలబడ్డాను. ఎడమ దీపం వెలిగితే ఎడమ బుగ్గ గోక్కున్నాను, కుడిది వెలిగితే కుడి బుగ్గ. లోపల కూర్చున్నవాళ్లకు నా బుగ్గలు కనబడితే చాలు. దూరం నుంచి సైగ పట్టుకోవడం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ ఉపాయం నాదేనని చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గులేదు.

బొంగరం ఒక్కతే కంగారులో దీపం వెలగకముందే చెయ్యెత్తింది.

"నేనింకా నొక్కలేదమ్మా," అందట నర్సమ్మ.

"నొక్కబోతున్నారని తెలిసిపోయిందమ్మా, అంత బాగున్నాయి నా చెవులు," అంది బొంగరం.

మా ఆయన దర్జాగా కూర్చుని, నా బుగ్గల వైపే చూస్తూ, తప్పు లేకుండా చేతులెత్తాడు. బయటికొచ్చి, "పెళ్లిపీటల మీద కూడా నిన్ను ఇంతసేపు చూడలేదు," అన్నాడు పెదాలతో. ఆ రోజు షెడ్డంతా పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం.

ఆ నవ్వు ఎంతో కాలం నిలవలేదు. నర్సమ్మ పరీక్షల కాగితాలు మేనేజరుకు ఇచ్చింది. మేనేజరు ఎగిరి గంతేశాడు. ఇన్నేళ్లు ఈ చప్పుడులో ఉన్నా ఒక్కరికీ ఏమీ కాలేదంటే, మా షెడ్డంత ఆరోగ్యమైన చోటు ఇంకోటి లేదన్నాడు. చెవులకు పెట్టుకునే మూతలు తెప్పిద్దామనుకున్నది మానేశారు. మగ్గాల కింద రబ్బరు దిమ్మలు వేసి చప్పుడు తగ్గిద్దామనుకున్నదీ మానేశారు.

నర్సమ్మ భోజనాల గదిలోకి వచ్చి ఆ మాట చెప్పింది. "నేను చాలా చోట్ల పనిచేశాను. మీలాంటి చెవులు ఎక్కడా చూళ్లేదు," అంది. కోపంగా కాదు, ఓడిపోయిన మనిషిలా అంది. మేమందరం డబ్బాల్లో తలలు పెట్టుకుని తిన్నాం.

తర్వాత కొద్దిరోజులకే ఆవరణలో అది జరిగింది.

మధ్యాహ్నం బెల్లు కొట్టారు. మగ్గాలు ఆగిపోయాయి. నేను షెడ్డు గుమ్మంలో నిలబడి ఆయన కోసం చూస్తున్నాను. ఆయన అవతల కొట్టంలోంచి పనిముట్ల సంచి పట్టుకుని ఆవరణ మధ్య నుంచి గేటు వైపు నడుస్తున్నాడు, వీపు నా వైపు. అటు పక్క నుంచి బట్టచుట్టలు మోసే మోటారు బండి వెనక్కి వస్తోంది. చుట్టలు ఎత్తుగా ఉండటంతో నడిపేవాడికి వెనక ఏముందో కనిపించడంలేదు. వెనక్కి వచ్చేటప్పుడు తనంతట తాను కూత పెట్టే బండి అది. మా ఆయన నిదానంగా, ఎండకు తల వంచుకుని, దాని దారిలోకే నడుస్తున్నాడు.

"ఏవండీ," అని అరిచాను. ఇన్నేళ్లలో అంత గొంతు ఎప్పుడూ ఎత్తలేదు. అవతల గేటు దగ్గరున్న కాపలావాడు కూడా తిరిగి చూశాడు. చెట్టు కింద టీ తాగుతున్నవాళ్లు లేచి నిలబడ్డారు. అందరూ తిరిగారు, ఆయన తప్ప.

ఆయన నా వైపు ఒక్కసారి మొహం తిప్పితే చాలు, ఎంత దూరం నుంచైనా ఒక్క మాటతో ఆపగలను. వీపు తిప్పిన మనిషిని పిలవడానికి మాత్రం నా దగ్గర ఏ మాటా లేదు.

నలుగురూ అరిస్తే బండి నడిపేవాడు బ్రేకు వేశాడు. అప్పటికే బండి అంచు భుజానికి తగిలి ఆయన పడిపోయాడు. ఇంకాస్తయితే చక్రం ఎక్కేది. నేను పరుగెత్తి వెళ్లేసరికి లేచి కూర్చుని, బండివాడి మీద విరుచుకుపడుతున్నాడు. "హారన్ కొడితే నీ సొమ్మేం పోతుంది?"

బండివాడు కిందికి దిగాడు. "ఇందాకటి నుంచి మోగుతూనే ఉంది పెద్దాయనా," అన్నాడు.

ఆ మాట ఆయన వాడి పెదాల మీద చూశాడు. కింద పడ్డ పనిముట్లు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

మందుల గదిలో నర్సమ్మ, పడినప్పుడు చీరుకుపోయిన ఆయన మోచేతికి కట్టుకట్టింది. కట్టు అయిపోయాక, నేను నిలబడ్డ పక్కనే ఉన్న బీరువా వైపు తిరిగి, సీసాలు సర్దుతూ, "నొప్పి ఎక్కువగా ఉందా బాబాయ్?" అని అడిగింది. మా ఆయన కట్టు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆవిడ మళ్లీ అడిగింది, ఈసారి ఇంకాస్త గట్టిగా. ఆయన కూర్చునే ఉన్నాడు. నర్సమ్మ ఆయన్ను కాదు, నన్ను చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన కిటికీ పక్కన కూర్చుని కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. మా అమ్మాయి బట్టల దుకాణంలో లెక్కలు చూస్తుంది, అప్పుడే పని నుంచి వచ్చింది. సంగతి తెలిసి ఏడ్చింది, తర్వాత కోప్పడింది. "ఈ ఇంట్లో అరిచి అరిచి నా గొంతు పోతోంది. ఒక్కసారి డాక్టరుకు చూపించుకోండి నాన్నా," అంది. ఆయన తలుపు వైపు చూశాడు. అది విసుక్కుంటూ లోపలికి వెళ్లింది.

నేను ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆ మడతల గదికి వెళ్తే ఏమవుతుంది?" అన్నాను.

"వెళ్లను."

"జీతం తగ్గదట. నర్సమ్మే చెప్పింది."

"జీతం ఎవరిక్కావాలి?"

"మరేంటి? మొండికేస్తే ఎలా? ఇవాళ నా కళ్లముందే చచ్చేవారు."

ఆయన కట్టు అంచు గిల్లుతూ, పైకే అన్నాడు. "షెడ్డులో నేను చెవిటోణ్ణి కాదు. అక్కడ ఎవరికీ ఏమీ వినపడదు. అందరం ఒకటే. ఆ గదిలో అందరూ తల వంచుకుని బట్ట చూస్తూ మాట్లాడుకుంటారు. నేను మధ్యలో దిమ్మలా కూర్చోవాలి. అక్కడికెళ్లిన రోజే నేను చెవిటోణ్ణవుతా."

కోప్పడదామని కూర్చున్నదాన్ని, నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఇన్నాళ్లూ నన్ను వదిలి వెళ్లడం ఇష్టంలేక మొరాయిస్తున్నాడనుకున్నాను. అందులో నాకు కాస్త గర్వం కూడా ఉండేది. మనిషిలో ఇంత భయం ఉందని నాకు తెలియదు. ఆ కట్టు చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

వారం తిరగకుండా నర్సమ్మ మళ్లీ పరీక్ష అంది. కారణం చెప్పలేదు. అదే గది, అదే పెట్టె, అదే అద్దం. షెడ్డంతా నా వైపు చూసి కన్ను గీటింది. "బుగ్గలకు నూనె రాసుకో వదినా, గోకి గోకి అరిగిపోతాయి," అంది బొంగరం.

మొదట మా ఆయన్నే పిలిచారు.

నేను అద్దం అవతల నా చోట్లో నిలబడ్డాను. ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని సర్దుకుని కూర్చుని నన్ను చూశాడు. ఎడమ దీపం వెలిగింది. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

ఆయన నా బుగ్గ వైపు చూశాడు, తర్వాత నా కళ్ల వైపు. దీపం ఆరింది. కుడి దీపం వెలిగింది.

"చెప్పు," అన్నాయి ఆయన పెదాలు.

"చెప్పను," అన్నాను.

"పంపేస్తారు."

"పంపనీండి. బతికుంటారు."

నర్సమ్మ తల ఎత్తలేదు. మీట మీద వేలు అలాగే ఉంచి ఆగింది. ఆయన నన్ను చూస్తూనే ఉన్నాడు. ఆ చూపు నేను భరించలేకపోయాను, కానీ కదలలేదు. కదిలితే చెయ్యి దానంతటదే బుగ్గ మీదికి పోతుందని భయం. కాసేపటికి ఆయన లేచాడు. వెళ్లిపోతాడనుకున్నాను. కుర్చీని రెండు చేతులతో ఎత్తి, గోడ వైపు తిప్పి, మళ్లీ కూర్చున్నాడు. నాకు ఆయన వీపు మాత్రం కనబడింది. పరీక్ష అయ్యేదాకా ఎర్రదీపాలు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. ఆయన చేతులు ఎప్పుడో ఒకసారి లేచాయి.

తర్వాత వచ్చినవాళ్లు గుమ్మంలో నా మొహం చూశారు, గోడకు తిరిగి ఉన్న కుర్చీని చూశారు. ఎవరూ దాన్ని వెనక్కి తిప్పలేదు. బొంగరం కూడా కిక్కురుమనకుండా కూర్చుంది.

అందరూ అయ్యాక నర్సమ్మ నన్ను లోపలికి పిలిచింది. "ఆ అద్దానికి కాగితం అంటించడం నాకు రాక కాదమ్మా," అంది. "అంటిస్తే నా మీద గెలవడానికి ఇంకో దారి వెతుకుతారు. మీ అంతట మీరే రావాలని చూశాను."

"అయితే ఆయన్ను ఆ గదికి పంపకముందు నా మాట ఒకటి వినాలి," అన్నాను. ఆయన ఇంట్లో నాతో అన్నది ఆవిడతో చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. నర్సమ్మ నా ఎదురుగా కూర్చుని, మధ్యలో అడ్డురాకుండా అంతా విన్నది.

కొత్త కాగితాలు చూసి మేనేజరు నోరు తెరిచాడట. ముందు ఎవరిని తిట్టాలో తెలియక, చివరికి మూతలు తెప్పించాడు. రబ్బరు దిమ్మలు కూడా వచ్చాయి. చెవి మూతలు పెట్టుకుంటే మాటలు ఎలాగని కొత్తవాళ్లు బెంగపడ్డారు. మాకేం బెంగ? అసలే గొంతు వాడనివాళ్లం. ఆ మోత చెవుల్లో పడకుండా కబుర్లు చెప్పుకోవడం ఇంకా హాయిగా ఉంది. సాయంత్రం ఇంటికెళ్తే తలలో రొద కూడా తగ్గింది.

మా ఆయనకు పూట పని షెడ్డులో, పూట పని మడతల గదిలో అన్నారు. బాగా దెబ్బతిన్నవాళ్లందరికీ వంతులు వేశారు. నర్సమ్మ ఆ గదికి ముందుగా వెళ్లి, వరసగా ఉన్న బల్లల్ని ఎదురెదురుగా తిప్పించింది. పైన ఇంకో దీపం పెట్టించింది. మాట్లాడేముందు బల్ల మీద తట్టి, మనిషి తలెత్తాక మాట్లాడాలని అక్కడి అమ్మాయిలకు చెప్పింది. ఇన్ని చేసినా మా ఆయన మొదటి రోజు జైలుకెళ్లేవాడిలా వెళ్లాడు. నేను తల దువ్వి పంపాను, బడికి పంపినట్టు.

ఆ పూటలు నాకు గడిచేవి కావు. ఆయన నిలబడే మూల వైపు అలవాటుగా తిరిగి ఏదో అనేసేదాన్ని. అక్కడ కుర్ర మెకానిక్ ఉండేవాడు. పాపం, నేను తననే ఏదో అడిగాననుకుని పానా పట్టుకుని వచ్చేవాడు. రాత్రి భోజనాల దగ్గర ఆ గది ఎలా ఉందని అడిగితే, ఉందంటే ఉంది అనేవాడు ఆయన. నేను చేసింది సరైందో కాదోనని లోలోపల నలిగిపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక డబ్బా తీసుకుని ఆ గదికే వెళ్లాను. గుమ్మంలో ఆగిపోయాను. సూపర్‌వైజరు అటు తిరిగి కాగితాలు చూసుకుంటున్నాడు. బల్లల చుట్టూ అమ్మాయిలందరూ మా ఆయన మొహం వైపే చూస్తున్నారు. ఆయన చప్పుడు లేకుండా ఒక మాట అంటున్నాడు, వాళ్లు చప్పుడు లేకుండా తిరిగి అంటున్నారు. తప్పు పలికిన అమ్మాయికి నోరు ఇంకా తెరవమని చూపిస్తున్నాడు. సూపర్‌వైజరు నడకను అనుకరించి ఏదో అన్నాడు. అమ్మాయిలు బట్ట నోట్లో కుక్కుకుని నవ్వారు. వాళ్లకు ఇంతకాలం దొరకని విద్య దొరికింది. ఇక ఆ సూపర్‌వైజరును దేవుడే కాపాడాలి.

నాకు సంతోషం వేసింది. దాని వెంటే కాస్త అసూయ కూడా వేసింది, దాచుకోవడమెందుకు. ఆయన నన్ను చూసి, "వచ్చావా, రా, మా ఆవిడ," అని వాళ్లకు పరిచయం చేశాడు. ఆ మాట మాత్రం పైకే అన్నాడు, అందరికీ వినపడేలా.

మొదటి వాన పడే రోజుల్లో నర్సమ్మ, యాభై నిండనివాళ్ల చెవులు కూడా చూడాలంది. ముందే చూస్తే ముందే కాపాడుకోవచ్చట. నా పేరు పిలిచారు. నా పని చప్పున అయిపోతుందని, మగ్గం ఆపకుండా బొంగరానికి అప్పజెప్పి వెళ్లాను. మా ఆయన పూట మారే సమయం కావడంతో వెంట వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

గోడకు తిరిగి ఉన్న కుర్చీలో కూర్చున్నాను. నర్సమ్మ హెడ్‌ఫోన్లు తగిలించి, నా ముందుకు వచ్చి, వినపడిన వైపు చెయ్యి ఎత్తమని మళ్లీ చెప్పి, వెనక్కి వెళ్లింది. నేను గోడ చూస్తూ కూర్చున్నాను. సున్నం ఒకచోట పెచ్చులూడి ఉంది. కాసేపు అది చూశాను. బొంగరం నా మగ్గం మీద దారం తెంపుకోకుండా ఉంటే బాగుండుననుకున్నాను. ఎడమ వైపు ఏదో సన్నగా వినపడితే చెయ్యి ఎత్తాను. తర్వాత ఏమీ లేదు. నర్సమ్మ ఏదో రాసుకుంటోందనుకున్నాను. పెట్టె పాడైందేమో, సరిచేస్తోందేమో అనుకున్నాను. కానీ అంతసేపు పట్టకూడదే అనిపించింది.

"ఇంక మొదలుపెట్టండమ్మా, నా మగ్గం నడుస్తోంది," అన్నాను.

ఎవరూ పలకలేదు. భుజం మీద చెయ్యి పడింది. నర్సమ్మ నా ముందుకు వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, నా మొహానికి ఎదురుగా మొహం పెట్టింది.

"అయిపోయిందమ్మా," అంది.

నేను వెనక్కి తిరిగి మా ఆయన్ను చూశాను. ఆయన గుమ్మంలో లేడు. బల్ల పక్కకు వచ్చి, ఇన్నాళ్లూ నేను అద్దంలోంచి చూసిన ఆ దీపాల దగ్గర నిలబడి ఉన్నాడు. ఎన్నిసార్లు వెలిగాయో చూసిన మొహం అది.

సాయంత్రం ఇద్దరం ఇంటికి నడిచి వెళ్తున్నాం. రోడ్డు తడిగా ఉంది. ఇన్నాళ్లూ ఆయనకు చెవుడని కంగారుపడి, కోప్పడి, సైగలు చేసి, మానేసి, అంతా నేనే నడిపించాననుకున్నాను. నా సంగతి నాకే తెలియదని తలచుకుంటే ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. వీధి మలుపులో ఆగి ఆయన వైపు తిరిగాను.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఇంట్లో నిన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశాను కదే. దగ్గరికొచ్చి భుజం తడుతున్నాను. ఎందుకనుకున్నావ్?"

"ప్రేమ అనుకున్నా."

"అది కూడా," అన్నాడు.

వీధి మధ్యలో కళ్లు తుడుచుకున్నాను. నలుగురూ చూస్తారని ఆయన తన కట్టు విప్పిన చేత్తో నా చెయ్యి పట్టుకుని, రోడ్డు పక్కకు జరిపాడు. మా పక్క నుంచి ఒక బస్సు వెళ్లింది. అది వస్తున్నట్టు నాకూ తెలియలేదు, ఆయనకూ తెలియలేదు. పోయాక గాలి తగిలి తెలిసింది. ఇద్దరం బిక్కమొహాలు వేసుకుని ఒకరినొకరు చూసుకున్నాం.

ఆయన కాస్త ఆలోచించి, నా చెయ్యి వదలకుండానే సగం వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

"నువ్వు ముందు చూసుకుంటూ నడు," అన్నాడు. "వెనకది నేను చూస్తా."

అలాగే ఇంటిదాకా వెళ్లాం.